మాంసం విడిచిన సాధకునికి మాంసకృత్తులు

ప్రోటీన్ అనే పదానికి మన పాఠ్యపుస్తకాలు 'మాంసకృత్తులు' అనే పేరు స్థిరపరచాయి. ఈ సమాసాన్ని విడదీసి చూడని కారణంగా నూతనంగా శాకాహారం స్వీకరించినవారిలో ఒక అపార్థం నెలకొన్నది. కృత్ అంటే చేసేది. మాంసాన్ని నిర్మించేవి మాంసకృత్తులు. మాంసంలో మాత్రమే లభించేవి అని ఆ పదానికి అర్థం లేదు. ఈ అపార్థం రెండు విధాలుగా పరిణమిస్తుంది. మొదటివాడు, మాంసం విడిస్తే మాంసకృత్తులు కూడా పోయినట్లేనని భయపడి కొన్ని నెలలలోనే నియమాన్ని సడలిస్తాడు. రెండవవాడు, ఆ పదంలో మాంసం ఉన్నది గనుక అది తనకు అక్కరలేని విషయమని తలచి, దాని ఊసే ఎత్తడు. మొదటివాని కంటే రెండవవాని విషయంలోనే ఎక్కువ జాగ్రత్త అవసరమని నా అభిప్రాయం. ఏలయనగా అతడు క్షీణిస్తూ కూడా ఆ క్షీణతను సాధనాఫలంగా భావిస్తాడు.

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు శ్వేతకేతువునకు ఆహారపరిణామాన్ని బోధించే ఘట్టం ఉన్నది. భుజించిన అన్నం మూడు విధాలుగా విభక్తమవుతుందనీ, స్థూలభాగం మలంగా, మధ్యమభాగం మాంసంగా, సూక్ష్మతమభాగం మనస్సుగా పరిణమిస్తుందనీ అక్కడి ఉపదేశం. ఈ వాక్యాన్ని మనం సాధారణంగా మనస్సు అన్నమయం అని నిరూపించడానికే ఉదాహరిస్తాము; మధ్యమభాగం దగ్గర ఆగము. దేహంలోని మాంసం పుట్టేది అన్నం నుండి. ఇది దేహధర్మశాస్త్రాన్ని ముందే చెప్పిన వాక్యమని నేను వాదించబోవడం లేదు. అటువంటి వాదాల వల్ల ఉపనిషత్తు గౌరవం పెరగదు. అయితే మాంసం తినకపోతే దేహంలో మాంసం ఏర్పడదనే శంకకు శ్రుతిలో ఆధారం లేదని మాత్రం స్పష్టం.

ఇప్పుడు అసలు ప్రశ్న. సాధకుడు ఏ అన్నం తినాలి?

మన సత్సంగాలలో, దీక్షాస్వీకార సందర్భాలలో నూతన సాధకునికి ఏమి చెబుతున్నామో ఒక్కసారి పరిశీలించండి. మాంసం వద్దు, చేపలు వద్దు, గుడ్డు వద్దు. కొన్ని సంప్రదాయాలలో ఉల్లి, వెల్లుల్లి, మైసూరుపప్పు కూడా వద్దు. ఇవన్నీ నిషేధవాక్యాలు. మీమాంసకుల పరిభాషలో చెప్పాలంటే, నిషేధం పూర్తిగా అందింది గాని విధి అందలేదు. విడిచినదాని స్థానంలో ఏది, ఎంత స్వీకరించాలో చెప్పేవారు లేరు. నియమం అనే పదంలో విడవడం, పట్టడం రెండూ ఉన్నాయి. మనం మొదటి సగాన్ని ఉపదేశించి, రెండవ సగాన్ని వంటింటికి వదిలివేస్తున్నాము.

వంటింటికి వదిలితే ఏమిటి నష్టం? తరతరాలుగా శాకాహారులైన ఇళ్ళలో నష్టం లేదు. ఆ ఇళ్ళలో ముద్దపప్పు, కందిపొడి, పెసరట్టు, మినపసున్ని, గుగ్గిళ్ళు, గడ్డపెరుగు అన్నవి ఎవరూ ప్రత్యేకంగా బోధించకుండానే విస్తరిలోకి వస్తాయి. ఆ ఇంట పుట్టిన బాలుడు మాంసకృత్తుల లెక్క తెలియకుండానే వాటిని భుజిస్తాడు. కాని తెలుగునాట అటువంటి ఇళ్ళు ఎన్ని? 2014లో కేంద్ర ప్రభుత్వ నమూనా నమోదు సర్వేక్షణ ప్రకారం తెలంగాణలోను, ఆంధ్రప్రదేశ్‌లోను 98 శాతానికి పైగా జనం మాంసమో, చేపలో, గుడ్లో తినేవారే. అంటే ఈనాడు మాల ధరించి, లేదా మంత్రోపదేశం పొంది, లేదా గీతాపఠనంతో మనస్సు మారి శాకాహారంలోకి వచ్చేవారిలో అత్యధికులు మిశ్రాహారగృహాల నుండి వచ్చేవారే. ఆ వంటింట్లో బలానికి ఆధారం కోస్తాలో చేప, మెట్టప్రాంతంలో కోడిగుడ్డు, ఆదివారపు మాంసం. అక్కడ పప్పు ఉన్నా అది చారుకు, పులుసుకు తోడుగా ఉంటుంది గాని భోజనానికి కేంద్రంగా ఉండదు. అటువంటి ఇంట ఒక్కరే నియమం పట్టితే, వారి కంచంలో నుండి చేప ముక్క తొలగిపోతుంది, మిగిలినదంతా యథాతథంగా ఉంటుంది. కోడలు నియమం పట్టిన సందర్భంలో పరిస్థితి మరింత దయనీయం. అందరికీ వండి పెట్టిన తరువాత తనకోసం వేరుగా పప్పు వండుకొనే ఓపిక ఎవరికి ఉంటుంది? ఇంత అన్నం, ఇంత చారు, ఒక ఆవకాయ ముక్క, పలుచని మజ్జిగ.

దీనిని అంకెలలో చూద్దాం. ఆధ్యాత్మిక వ్యాసంలో గ్రాముల లెక్క ఏమిటని సంకోచించనక్కరలేదు. యజ్ఞంలో హవిస్సుకు, సమిధలకు ప్రమాణం చెప్పిన సంప్రదాయం మనది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఆరోగ్యవంతుడైన వయోజనునికి దేహభారంలో ప్రతి కిలోకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అన్నమో, గోధుమో ప్రధానంగా ఉండే మన భోజనంలో మాంసకృత్తుల నాణ్యత కొంత తక్కువ గనుక కిలోకు 1 గ్రాము అనుకోవడం ఉచితం. అరవై కిలోల వ్యక్తికి 60 గ్రాములు అన్నమాట. పైన చెప్పిన చారన్నం భోజనంలో ఎంత ఉన్నది? రోజంతటికీ 350 గ్రాముల బియ్యం వండుకొని తింటే 27, 28 గ్రాములు వస్తాయి. చారులో కలిసిన పిడికెడు పప్పు 15 గ్రాములనుకుంటే 3 గ్రాములు. కూర, మజ్జిగ కలిపి మూడో నాలుగో. మొత్తం 35 దాటదు. కావలసినదానిలో సగానికి కొంచెం ఎక్కువ. నియమానికి పూర్వం అదే వ్యక్తి తినే ఒక గుడ్డు, వంద గ్రాముల చేప కలిసి సుమారు 25 గ్రాములు సమకూర్చేవి. ఆ ఇరవై అయిదే ఇప్పుడు లోపించినది. ఆకలి మాత్రం తీరుతుంది, అన్నం పొట్టను నింపుతుంది గనుక. అందుచేతనే ఈ లోపం తొలి వారాలలో ఎవరి దృష్టికీ రాదు.

కొన్ని నెలల తరువాత అలసట, కండలు తగ్గడం, జుట్టు రాలడం, చిన్న గాయం కూడా త్వరగా మానకపోవడం కనిపిస్తాయి. ధ్యానానికి కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. అప్పుడు చుట్టూ ఉన్నవారు రెండు మాటలలో ఏదో ఒకటి అంటారు. బంధువులు, "ఇంకా ఆ పిచ్చి నియమం ఎందుకు, నాలుగు ముక్కలు తిను" అంటారు. సహసాధకులు, "దేహం తేలికపడుతోంది, సత్త్వం పెరుగుతోంది" అంటారు. రెండూ అవివేకమే. మొదటి మాట విన్నవాడు వ్రతభంగం చేసి, ఆ అపరాధభావంతో సత్సంగానికే దూరమవుతాడు. అటువంటివారిని నేను ఎందరినో ఎరుగుదును. రెండవ మాట విన్నవాడు తన దౌర్బల్యాన్ని వైరాగ్యంగా భ్రమిస్తాడు.

ఈ భ్రమను గీత పదిహేడవ అధ్యాయం నిలువనివ్వదు. అక్కడ సాత్త్వికాహారాన్ని గురించి చెప్పిన తీరు గమనించదగినది. భగవానుడు పదార్థాల పట్టిక ఇవ్వలేదు. ఇది తిను, అది తినకు అని పేర్లు చెప్పలేదు. ఆయుస్సును, చిత్తస్థైర్యాన్ని, బలాన్ని, ఆరోగ్యాన్ని వృద్ధి చేసేదీ, రసవంతమై, స్నిగ్ధమై, దేహంలో చాలాకాలం నిలిచేదీ సాత్త్వికప్రియమైన ఆహారమని ఫలరూపంగా లక్షణం చెప్పాడు. బలం ఆ లక్షణంలో అంతర్భాగం. బలాన్ని హరించే భోజనం మాంసరహితమైనంత మాత్రాన ఆ లక్షణానికి సరిపోదు. ఆ శ్లోకానికి కొద్దిగా ముందే, శాస్త్రవిహితం కాని ఘోరతపస్సుతో శరీరంలోని భూతసమూహాన్ని, అంతఃస్థుడైన తనను కూడా కృశింపజేసేవారి నిశ్చయాన్ని భగవానుడు ఆసురమన్నాడు. మన ప్రవచనాలలో ఈ రెండు శ్లోకాలను కలిపి వ్యాఖ్యానించేవారు అరుదు. ఆహారలక్షణం చెప్పేటప్పుడు మాంసం, ఉల్లి అనే విషయం మీదనే సమయమంతా గడిచిపోతుంది.

శ్వేతకేతువు కథనే మళ్ళీ చూడండి. తండ్రి ఆజ్ఞపై అతడు పదిహేను రోజులు అన్నం మాని నీరు మాత్రమే త్రాగాడు. పదహారవ నాడు ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమంటే ఒక్కటీ స్ఫురించలేదు. పన్నెండేళ్ళు గురుకులంలో అధ్యయనం చేసినవాడికి! వెళ్ళి భుజించి వచ్చిన తరువాత అడిగినదంతా చెప్పగలిగాడు. ఉద్దాలకుడు ఉపవాసాన్ని ఇక్కడ తపస్సుగా కాదు, ప్రయోగంగా వాడుకున్నాడు. వేదం మరుగున పడింది దేహం క్షీణించినందువల్ల. తిరిగి వెలిగింది అన్నం వల్ల. జపసంఖ్య మధ్యలో తప్పిపోతోందనీ, పారాయణంలో మనస్సు నిలవడం లేదనీ వాపోయే నూతన సాధకుడు తన వాసనలను నిందించుకొనే ముందు తన కంచాన్ని పరీక్షించుకోవడం మంచిది.

ఇక పూర్వపక్షాలు.

పార్వతి తపస్సులో ఆకులను కూడా విడిచి అపర్ణ అయినది కదా, మనకు పప్పు లెక్క ఎందుకని ఒక ప్రశ్న. కుమారసంభవం అయిదవ సర్గలో ఆ అపర్ణ ఎదుటకే బ్రహ్మచారి వేషంలో శివుడు వచ్చి, శక్తికి తగినట్లుగానే తపస్సు చేస్తున్నావా, ధర్మసాధనాలలో దేహమే మొదటిది కదా అని అడుగుతాడు. పరీక్షార్థం అడిగిన ప్రశ్నే అయినా, కాళిదాసు దానిని శివుని నోటనే పలికించాడు. పైగా మనలో అత్యధికులు ఉదయం ఎనిమిదింటికి బస్సు ఎక్కి ఉద్యోగానికి వెళ్ళే గృహస్థులు. తపోవనంలో ఉన్న హిమవత్పుత్రికతో మనకు పోలిక తెచ్చుకోవడమే సాహసం.

రెండవ ప్రశ్న వేదికల మీద తరచుగా వినిపిస్తుంది. ఆవు గడ్డి తిని పాలిస్తున్నది, ఏనుగు ఆకులు తిని అంత బలంగా ఉన్నది, మనిషికి ఏమి లోటు? ఈ యుక్తిని మన ప్రవచనకర్తలు మానివేయాలని నా విన్నపం. ఆవు కడుపులో నాలుగు గదులున్నాయి. మొదటి గదిలో కోట్లాది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి, అందులోని నత్రజనితో మాంసకృత్తులను తయారుచేస్తాయి. ఆ సూక్ష్మజీవులనే ఆవు తరువాత జీర్ణం చేసుకుంటుంది. మనిషికి ఆ గది లేదు. ఆకుకూరలు మనకు అవసరమే గాని, తోటకూర తిని కండ పెంచుకోవడం గోవుకు చెల్లిన విద్య. తప్పు యుక్తితో మంచి నియమాన్ని సమర్థిస్తే, యుక్తి వీగిన నాడు నియమం కూడా వీగుతుంది.

మూడవ ప్రశ్న భక్తుల నుండి వస్తుంది. భగవన్నివేదితమైన ప్రసాదంగా స్వీకరిస్తే ఏదైనా పుష్టినే ఇస్తుంది, లెక్కలు ఎందుకు? ఈ ప్రశ్న నాకు ఇష్టం. సమాధానం ప్రసాదాలలోనే ఉన్నది గనుక.

మనం ఏమేమి నివేదిస్తున్నామో చూడండి. శ్రీరామనవమికి పానకంతో పాటు వడపప్పు, అంటే నానిన పెసరపప్పు. వరలక్ష్మీవ్రతానికి వాయనంలో నానబెట్టిన శనగలు. ధనుర్మాసమంతా ఆలయాలలో బియ్యం, పెసరపప్పు కలిసిన కట్టెపొంగలి, ఆ వెంట దద్ధ్యోదనం. ఆంజనేయునికి మినపవడల మాల. అమ్మవారికి అల్లపుగారెలు. వినాయకచవితికి శనగపప్పు చల్లిన కుడుములు. బొమ్మల కొలువు పేరంటంలో శనగల గుగ్గిళ్ళు. నాగులచవితికి పాలు, నువ్వుల చిమ్మిలి. పండుగ ఏదైనా పూర్ణంలో శనగపప్పు. అన్నిటా పప్పుధాన్యమో, నువ్వులో, పాలో, పెరుగో ఉన్నాయి. మన పూర్వులు మాంసకృత్తులను ఉద్దేశించి ఈ నివేదనలు ఏర్పరచారని చెప్పడానికి నా దగ్గర ప్రమాణం లేదు, చెప్పను. కాని శాకాహారంతో శతాబ్దాలు జీవించిన గృహాలు, ఆలయాలు తమకు పుష్టినిచ్చినదానినే దేవునికి సమర్పించాయని అనుకోవడంలో అసమంజసం లేదు. నూతన సాధకుడు ఈ నైవేద్యాలను పండుగనాటి రుచులుగా మాత్రమే ఎరుగును. వాటిని నిత్యభోజనంలోకి తెచ్చుకోవడమే అతడు చేయవలసిన పని. నిత్యపూజలో గుప్పెడు గుగ్గిళ్ళు నివేదన చేసి స్వీకరిస్తే విధి, ప్రసాదం రెండూ ఒకటే అవుతాయి.

అన్నము, పప్పు కలిపి తినడంలోని యుక్తిని కూడా తెలుసుకోవాలి. మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే చిన్న ఘటకాల కూర్పు. వాటిలో తొమ్మిదింటిని వయోజనుని దేహం స్వయంగా తయారుచేసుకోలేదు, ఆహారం నుండే రావాలి. బియ్యంలోను, గోధుమలోను ఆ తొమ్మిదింటిలో లైసిన్ తక్కువ. పప్పులలో లైసిన్ సమృద్ధి, మెథియోనిన్ తక్కువ. ధాన్యంలోనూ, నువ్వులలోనూ ఆ మెథియోనిన్ తగినంత ఉన్నది. ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తుంది. ఇడ్లీలో మినపప్పు, బియ్యపు రవ్వ, పులగంలో బియ్యం, పెసరపప్పు, పప్పన్నం. ఈ జంటలన్నీ ఇటువంటివే. ఒకే ముద్దలో కలవాలనే నిర్బంధం లేదు. ఒకే రోజు భోజనాలలో కలిస్తే చాలు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజుకు 250 గ్రాముల ధాన్యానికి 85 గ్రాముల పప్పుధాన్యాలు, 300 మిల్లీలీటర్ల పాలు లేదా పెరుగు, 35 గ్రాముల గింజలు అనే ప్రమాణాన్ని సూచిస్తున్నాయి. మూడు పాళ్ళ బియ్యానికి ఒక పాలు పప్పు అన్నమాట. దీనిని మన వంటకు అన్వయిస్తే బియ్యం నుండి 20 గ్రాములు, కందిపప్పో పెసరపప్పో అయితే 18, పాలు పెరుగుల నుండి 10, వేరుశనగలు నువ్వుల నుండి 8. కూరగాయల నుండి వచ్చే కొద్దిపాటిని చేర్చితే అరవైకి దాదాపుగా చేరుతుంది. మాంసం లేదు, గుడ్డు లేదు, డబ్బాలలో అమ్మే పొడులు లేవు.

ఎనభై అయిదు గ్రాముల పప్పు అంటే చారులో తేలే పప్పు కాదు. గరిటె నిలబడే ముద్దపప్పు ఒక పూట, పెసరట్టో గుగ్గిళ్ళో మరొక పూట. రెండు పెసరట్లకు అరవై గ్రాముల పెసలు పడితే వాటి నుండే 13 గ్రాములు వచ్చినట్లు. భోజనశాలలలో తినేవారికి ఒక హెచ్చరిక. సాంబారు ఎన్ని గరిటెలు పోయించుకున్నా అది ముద్దపప్పుతో సమానం కాదు.

పప్పు పడదు, పొట్ట ఉబ్బుతుంది అనేవారు చాలామంది. అలవాటు లేని జఠరాగ్నికి అకస్మాత్తుగా శనగలు, మినుములు పెడితే అది సహజం. చరకుడు నిత్యం సేవించదగిన పదార్థాలలో పెసలను చేర్చాడు, పప్పుధాన్యాలలో వాటినే శ్రేష్ఠమన్నాడు. మినుములను ఆ వర్గంలో అపథ్యతమంగా లెక్కించాడు. (ఆ నిత్యసేవనీయ పట్టికలో జాంగలమాంసం కూడా ఉన్నది. వైద్యగ్రంథం వైద్యగ్రంథమే, దానిని శాకాహారధర్మానికి సాక్షిగా నిలబెట్టే ప్రయత్నం మనం చేయనక్కరలేదు.) కనుక మొదటి నెల పెసరపప్పుతో ఆరంభించి, ఇంగువ, జీలకర్ర, అల్లం చేర్చి, క్రమంగా కందిపప్పు, ఆ తరువాత శనగలు, అలసందలు, ఉలవలు అలవాటు చేసుకోవాలి. గింజలను రాత్రి నానబెట్టి ఆ నీటిని పారబోసి వండితే, లేదా మొలకెత్తించి వండితే ఉబ్బరం తగ్గుతుంది.

వ్రతదినాల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మాధ్వ సంప్రదాయంలో చాతుర్మాస్యం నాలుగు నెలలకు నాలుగు నియమాలు. మొదట శాకం, తరువాత పెరుగు, ఆపైన పాలు, చివరి నెల ద్విదళాలు, అంటే పప్పుధాన్యాలు వర్జ్యం. ఈ క్రమంలోని వివేకం చూడండి. పెరుగు విడిచిన నెలలో పాలు, పప్పు ఉన్నాయి. పప్పు విడిచిన నెలలో పాలు, పెరుగు రెండూ ఉన్నాయి. అన్నిటినీ ఒకేసారి తీసివేసిన నెల ఒక్కటీ లేదు. త్యాగంలో కూడా దేహానికి ఒక ఆధారాన్ని ఉంచారు. నూతన సాధకుడు ఉత్సాహంతో ఒకే నాడు మాంసం, పాలు, పప్పు అన్నీ మానివేస్తానంటే అతనిని వారించవలసినది గురువే. ఏకాదశి ఉపవాసం ఒక రోజుది గనుక చింత లేదు. అయితే ఆనాడు ఫలహారంగా సగ్గుబియ్యం తిని బలం వచ్చిందనుకోవద్దు. సగ్గుబియ్యం దాదాపు కేవలం పిండిపదార్థం. పాలు, పెరుగు తీసుకోండి. నలభై ఒక్క రోజుల మండలదీక్షలో ఏకభుక్తం పాటించే స్వాములు ఆ ఒక్క భిక్షలోనైనా ముద్దపప్పు, పెరుగు సమృద్ధిగా ఉండేలా చూసుకోవాలి. అన్నదానం చేసే దాతలు మరొక పిండివంటకు బదులుగా పప్పు చిక్కగా వండిస్తే పుణ్యం తగ్గదు.

ఆహారనియమంలో అతిసాహసానికి మన కాలపు ప్రసిద్ధ ఉదాహరణ గాంధీ మహాత్ముడే. 1912లో దక్షిణాఫ్రికాలో ఆయన పాలు విడిచారు. కొంతకాలం పప్పు కూడా విడిచారు. 1918లో ఖేడా జిల్లాలో ఊరూరా తిరిగేనాటికి ఆయన ముఖ్యాహారం వేరుశనగ వెన్న, నిమ్మకాయలు. తీవ్రమైన అతిసారంతో మరణం అంచు దాకా వెళ్ళారు. పాలు త్రాగనని వ్రతం ఉన్నదంటే, ఆ వ్రతం ఆవుపాలు, గేదెపాల గురించే కదా అని కస్తూరిబా మేకపాలు సూచించారు. ఆయన త్రాగి కోలుకున్నారు. వ్రతం అక్షరం నిలిచినా ఆత్మ భంగపడిందని తన జీవితాంతం బాధపడ్డారు. అయినా ఆత్మకథలో, తన మాట విని పాలు విడిచినవారు స్వానుభవంలో మేలు కనిపించకపోతే, అనుభవజ్ఞులైన వైద్యుల సలహా లేకపోతే ఆ ప్రయోగంలో పట్టుదల చూపవద్దని నిజాయితీగా వ్రాశారు. నియమం పట్టిన మహాత్ముని చరిత్రలో నాకు అత్యంత గౌరవనీయంగా కనిపించే భాగం ఈ హెచ్చరికే.

పాలు కూడా విడవాలనుకునేవారు ఈనాడు యువతరంలో పెరుగుతున్నారు. గోశాలలలోని హింసను చూసి కలిగిన కరుణ అది, దానిని పరిహసించరాదు. అటువంటివారు పప్పు, వేరుశనగలు, నువ్వులు, సోయా మరింత పెంచుకోవాలి. ఎండిన మీల్ మేకర్ తూకంలో సగభాగం మాంసకృత్తులే. అయితే బి12 విటమిన్ వృక్షజన్యమైన ఆహారంలో నమ్మదగినంతగా లభించదు. దాని లోపం వల్ల అరికాళ్ళలో తిమ్మిరి, మతిమరపు, రక్తహీనత కలుగుతాయి. పాలు విడిచినవారు వైద్యుని సలహాతో బి12 మాత్ర తీసుకోవడం తప్పనిసరి. పాలు కొద్దిగా మాత్రమే తీసుకొనేవారు కూడా పరీక్ష చేయించుకోవడం మంచిది.

పొడుల డబ్బాల గురించి ఒక్క మాట. సాధారణ గృహస్థునికి అవి అనవసరం. అదే ధనంతో ఇంటిల్లిపాదికీ నెలకు సరిపడే కందిపప్పు వస్తుంది.

గర్భిణుల విషయంలో మాత్రం పెద్దలు ఉదాసీనంగా ఉండరాదు. జాతీయ పోషకాహార సంస్థ ప్రమాణం ప్రకారం చివరి మూడు నెలలలో నిత్యావసరానికి అదనంగా రోజుకు 22 గ్రాముల మాంసకృత్తులు కావాలి. శాకాహారంతో అది సాధ్యమే గాని, చారన్నంతో సాధ్యం కాదు. కోడలు గర్భవతి అయి నియమం పాటిస్తున్నదంటే ఆమె కంచంలో పప్పు, పెరుగు, పాలు ఇతరులకంటే ముందుగా, ఇతరులకంటే ఎక్కువగా పడాలి. అందరూ తిన్న తరువాత మిగిలినది తినడం ఆమెకు ఏ శాస్త్రమూ విధించలేదు. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి నియమం వేరు. వారు పప్పు పరిమాణాన్ని వైద్యుని అడిగి నిర్ణయించుకోవాలి. ఈ వ్యాసంలోని లెక్క వారికి వర్తించదు.

దీక్ష ఇచ్చే గురువులకు, సత్సంగ నిర్వాహకులకు నా ప్రార్థన ఒక్కటే. నూతన సాధకునికి జపమాల ఇచ్చే రోజున వర్జ్యపదార్థాల పట్టికతో పాటు స్వీకార్యాల పట్టిక కూడా ఇవ్వండి. ఎంత బియ్యానికి ఎంత పప్పు, ఏ పప్పుతో ఆరంభించాలి, ఏకాదశినాడు ఏమి తీసుకోవాలి అన్నవి ఒక్క పుటలో పడతాయి. సత్సంగంలో తరతరాల శాకాహార గృహాల నుండి వచ్చిన పెద్దలు ఉంటారు. వారు ఒక ఆదివారం ప్రవచనానంతరం నూతన సభ్యులకు కందిపొడి కొట్టడం, పెసలు మొలకెత్తించడం, మినపసున్ని ఉండలు కట్టడం చూపించవచ్చు. మిశ్రాహారగృహంలో ఒంటరిగా నియమం పాటిస్తున్న సాధకుడు ఇంట్లో ఎవరితోనూ వాదించకుండా రాత్రి ఒక గిన్నెలో గుప్పెడు శనగలు నానబెట్టుకొని పడుకోవచ్చు. తెల్లవారి పూజ ముగిసేసరికి పొయ్యి మీద అవి ఉడికి ఉంటాయి.